చావు వల్ల ఏం ప్రయోజనం?

అభిమన్యుడు చనిపోయిన రాత్రి ధర్మరాజు దుఃఖానికి అంతు లేదు. కుర్రవాణ్ని వ్యూహంలోకి పంపింది ఆయనే, వెనకే వచ్చి కాచుకుంటామని మాట ఇచ్చిందీ ఆయనే. ఓదార్చడానికి వ్యాసుడు వచ్చినప్పుడు ధర్మరాజు స్వర్గం సంగతి ఎత్తలేదు. ఈ మృత్యువు ఎవరు, ఎక్కడి నుంచి పుట్టింది, మనుషుల్ని ఎందుకు పట్టుకుపోతోంది అని అడిగాడు. చావు ఎందుకు అనే ప్రశ్నని ఇంత సూటిగా అడిగిన ఘట్టం మన పురాతన సాహిత్యంలో కఠోపనిషత్తులో యముణ్ని ప్రశ్నించిన నచికేతుడి తర్వాత ఇదే అనుకోవచ్చు. నచికేతుడు చావు తర్వాత ఏముందో అడిగాడు, ధర్మరాజు చావే ఎందుకుందో అడిగాడు.

జవాబుగా వ్యాసుడు ఒక పాత కథ చెబుతాడు. యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న అకంపనుడనే రాజుకి నారదుడు చెప్పిన కథ అది. బ్రహ్మ ప్రాణుల్ని పుట్టించుకుంటూ పోయాడు. చావు లేదు. లోకం కిక్కిరిసిపోయింది, భూమి బరువు మోయలేకపోయింది. ఏం చేయాలో తోచక బ్రహ్మకి కోపమొచ్చింది, ఆ కోపం మంటై అన్నిటినీ కాల్చేయసాగింది. రుద్రుడు అడ్డుపడి బతిమాలితే బ్రహ్మ మంటను మళ్లీ తనలోకి లాక్కున్నాడు. అప్పుడు ఆయన ఒంట్లోంచి ఒక స్త్రీ బయటికి వచ్చింది. ఆమే మృత్యువు. ప్రాణుల్ని సంహరించమని బ్రహ్మ పని అప్పగించగానే ఆమె ఏడ్చింది. కొడుకుల్ని, స్నేహితుల్ని, తల్లిదండ్రుల్ని లాక్కుపోతే వాళ్ల వాళ్ల ఉసురు తగులుతుందని, ఆ పని తన వల్ల కాదని వేడుకుంది. తప్పించుకోవడానికి ఒంటికాలి మీద ఏళ్ల తరబడి తపస్సు చేసింది. చివరికి బ్రహ్మ ఎలాగో ఒప్పించాడు: నీ కన్నీళ్లే రోగాలవుతాయి, లోభం, క్రోధం, అసూయ లాంటివి మనుషుల్ని పడగొడతాయి, పాపం నీకు అంటదు అని.

కథ చెప్పినవాడి తెలివి చూడాలి. చావుకి ఒక పని ఉందని ఒప్పుకున్నాడు: భూభారం దించడం, వచ్చేవాళ్లకి జాగా ఖాళీ చేయడం. ఆ పని చేయాల్సిన మనిషికే అది నచ్చలేదని కూడా చెప్పాడు. లోకం లెక్కలో చావు అవసరం కావచ్చు. కొడుకు శవం ముందు కూర్చున్న తండ్రికి ఆ లెక్క చూపించి ప్రయోజనం లేదని మృత్యువే ఏడ్చి చెప్పింది. తర్వాతి కాలంలో చావు గురించి మాట్లాడిన చాలామంది కథలో మొదటి సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని వదిలేశారు.

'పాతవాళ్లు పోవాలి, కొత్తవాళ్లు రావాలి' అనే మాట ఇళ్లలోనే కాదు, సైన్సులోనూ చాలాకాలం నడిచింది. 1880ల్లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్ దాదాపు బ్రహ్మ వాదాన్నే శాస్త్రభాషలో చెప్పాడు. అరిగిపోయిన ముసలి జీవులు జాతికి బరువు, అందుకే ప్రకృతి వాటికి ఒక గడువు పెట్టింది, గడువు తీరగానే అవి తప్పుకుంటాయి అని. వినడానికి ఇంపుగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే, ముసలి జీవులు ఎందుకు అరిగిపోతాయి అన్నదే అసలు ప్రశ్న. అరిగిపోయాయి కాబట్టి పోవాలి అంటే ప్రశ్ననే జవాబుగా తిప్పి చెప్పినట్టు. పైగా అడవిలో ముసలితనం దాకా బతికే జంతువులు చాలా తక్కువ. ఆకలి, చలి, వేటాడే జంతువులు, జబ్బులు ముందే వాటి పని పట్టేస్తాయి. ముసలివాళ్లే లేని చోట ముసలివాళ్లను తప్పించే ఏర్పాటు ఎందుకు పుడుతుంది?

ఈ ముడిని విప్పింది బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్. 1951లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన చెప్పిన విషయం చాలా మామూలుది, అందుకే అంత బలమైనది. ఒక జన్యువులో లోపం ఉందనుకుందాం. అది పదేళ్ల వయసులో చంపేసేదైతే ఆ బిడ్డకి పిల్లలు పుట్టరు, ఆ లోపం అక్కడితో ఆగిపోతుంది. అదే లోపం నలభై దాటాక బయటపడేదైతే? అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారు, లోపం వాళ్లకి చేరిపోయి ఉంటుంది. మెదడు కణాల్ని క్షీణింపజేసే హంటింగ్టన్ వ్యాధి సరిగ్గా ఇలాంటిదే, ఎక్కువమందికి ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్యలో మొదలవుతుంది. వయసు పెరిగేకొద్దీ ప్రకృతి ఎంపికకి, అంటే మేలు చేసే లక్షణాల్ని నిలిపి కీడు చేసేవాటిని ఏరేసే క్రమానికి, పట్టు సడలిపోతుంది కాబట్టి ఆలస్యంగా దెబ్బతీసే లోపాలు తరతరాలుగా పోగుపడతాయి. ఆ పోగే ముసలితనం. 1957లో అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ దీనికి ఇంకో మెలిక కలిపాడు: వయసులో ఉన్నప్పుడు మేలు చేసే జన్యువే ముదిమిలో కీడు చేయవచ్చు, అయినా ముందు చేసిన మేలు వల్ల అది నిలబడిపోతుంది.

ఈ లెక్కన ముసలితనానికీ, దాని వెంట వచ్చే చావుకీ ప్రకృతిలో ఉద్దేశమంటూ ఏమీ లేదు. ఎవరూ పెట్టిన గడువు కాదది. ఎవరూ పట్టించుకోని చోట పేరుకున్న నష్టం.

కణాల స్థాయిలో మాత్రం కథ వేరు. అక్కడ చావుకి నిజంగానే పనుంది. కడుపులో పిండం చేయి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ల మధ్యలో ఉన్న కణాలు ఒక క్రమంలో చచ్చిపోతేనే ఐదు వేళ్లు విడివడతాయి. పెద్దయ్యాక కూడా ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. ఆరోగ్యమైన మనిషి కణాలు ప్రయోగశాల గిన్నెలో దాదాపు నలభై నుంచి అరవై సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించారు. ఆగని కణాలు కూడా ఉన్నాయి. హెన్రియెటా లాక్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మహిళ బాల్టిమోర్‌లో 1951 అక్టోబరు 4న 31 ఏళ్లకే చనిపోయింది. ఆమెను అడగకుండానే తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షల నుంచి ఎన్నో పరిశోధనలకి అవే ఆధారం. ఆ చావు లేని కణాలు ఆమె ఒంట్లో ఏమిటో గుర్తుచేసుకోవాలి: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు. చావడం మానేసిన కణమే ఆమెను చంపింది.

దీన్ని పట్టుకుని మనుషుల చావు కూడా సమాజానికి అలాంటి మేలే అని వాదించేవాళ్లున్నారు. ఆ పోలిక పనికిరాదు. కణానికి తన చావు సంగతి తెలియదు, ఎదురుచూపు లేదు, కూతురి పెళ్లి దిగులు లేదు.

ఇక్కడి నుంచి ప్రశ్న జీవశాస్త్రం చేతులు దాటుతుంది. చావుకి సొంతంగా ప్రయోజనం లేకపోయినా, చావు వస్తుందని ముందే తెలిసిన జీవి మనిషి. ఆ తెలియడం వల్ల ఏం జరుగుతోంది అన్నది అడగదగ్గ ప్రశ్న. మన ఇతిహాసం దీన్ని రెండు పాత్రల ద్వారా విడదీసి చూపింది. భీష్ముడికి తండ్రి శంతనుడు ఇచ్చిన వరం చావు లేకపోవడం కాదు, కోరుకున్నప్పుడు చావగలగడం. అశ్వత్థామకి కృష్ణుడు పెట్టిన శాపం చావు కాదు, మూడు వేల ఏళ్లు చీమూ నెత్తుటి వాసనతో, పలకరించే దిక్కు లేకుండా తిరగడం. ఒకే గ్రంథంలో వరమేమో చావు మీద పట్టు, శాపమేమో చావు రాకపోవడం. ఎంతకాలం అన్నదాని కంటే ఎలా, ఎవరి మధ్య అన్నది ముఖ్యమని ఆ రచనకి స్పష్టంగా తెలుసు.

గడువుండటం వల్ల పనులకి బరువొస్తుందన్నది నిజమే. 'తర్వాత చూద్దాంలే' అనే మాటకి అంతే లేకపోతే ఏ నిర్ణయానికీ విలువుండదు. ఈ సంబంధమా ఆ సంబంధమా, ఊళ్లో ఉండాలా వలస పోవాలా, తమ్ముడితో తగువు తెంచుకోవాలా అన్నవన్నీ పరిమితమైన ఏళ్లను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నలే. రెండూ చేసే టైము ఉంటే దేన్నీ వదులుకోనక్కర్లేదు, వదులుకోనప్పుడు ఎంచుకోవడమూ ఉండదు.

అయితే 'చావే బతుక్కి అర్థమిస్తుంది' అనే వాక్యాన్ని ఎక్కడబడితే అక్కడ వాడేయడం అన్యాయం. అది ఎనభై ఏళ్లు బతికి, మనవల చేతి నీళ్లు తాగి పోయినవాళ్లకి సరిపోయే మాట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, అందులో ఎక్కువమంది పని చేసే వయసువాళ్లు. హెల్మెట్ లేని తలకీ, డివైడర్ లేని రోడ్డుకీ, అప్పుతో పురుగుమందు తాగిన రైతు ఇంటికీ తాత్వికత అవసరం లేదు. ఆపగలిగిన చావుకి అర్థం వెతకడం దాన్ని క్షమించడమే అవుతుంది.

దీనికి చరిత్ర కూడా సాక్ష్యం చెబుతుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు 70కి చేరింది. 32 అంటే అందరూ ముప్పైల్లో పోయేవారని కాదు, పిల్లలు ఏడాది తిరగకుండా పోయేవారని. తెలుగు ఇళ్లలో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య లాంటి పేర్లు ఆ కాలం ఆనవాళ్లు. వరసగా పిల్లలు దక్కని తల్లి, కొత్తగా పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకునేది, లేదా ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించేది. ఇది ఎవరికీ అక్కర్లేని పిల్ల, దీన్ని తీసుకుపోకు అని మృత్యువుని ఏమార్చడం అది. ఆ తల్లులు చావుకి అర్థం చెప్పలేదు, బేరమాడారు. ఆ తర్వాత టీకాలు, మంచినీళ్లు, ఆసుపత్రి కాన్పులు వచ్చి ఆ బేరం అవసరాన్నే చాలావరకు తీసేశాయి. ఇప్పుడు ఆ పేర్లు పెట్టేవాళ్లు అరుదు. ఎందుకు పెట్టారో తెలియక పేరు చూసి నవ్వేవాళ్లు మాత్రం ఉన్నారు.

బిడ్డ పోయిన తల్లి అనగానే బౌద్ధ సాహిత్యంలో కిసా గోతమి గుర్తొస్తుంది. చచ్చిన బిడ్డని చంకనేసుకుని మందు అడిగితే, ఎవరూ చావని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. చావు అందరికీ తప్పదు అనే నీతి కోసం ఈ కథ చెబుతారు. ఆ నీతి గోతమికి మాత్రం తెలియదా? కథలో పని చేసింది ఇల్లిల్లూ తిరగడం. ప్రతి గడపలో ఒకరు తమ ఇంట్లో పోయినవాళ్ల సంగతి చెప్పి ఉంటారు. ఆవాలు దొరకలేదు, కష్టం చెప్పుకునే మనుషులు దొరికారు. మన పరామర్శలు చేసే పని కూడా ఇదే, దిక్కు మాత్రం తిరగబడింది: ఇక్కడ ఊరే గోతమి ఇంటికి వస్తుంది.

నిజానికి చావు తర్వాత ఏం చేయాలో మన సమాజాలకి బాగా తెలుసు. తెలుగు హిందువుల అంతిమయాత్రలో దింపుడు కళ్లెం అని ఒక ఘట్టం ఉంటుంది. ఇంటికీ శ్మశానానికీ మధ్యలో ఒక చోట పాడెని కిందికి దించుతారు. కొడుకో, దగ్గరి బంధువో వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. కాసేపు అందరూ ఆగుతారు. పలుకు రాదు. మళ్లీ భుజాలకెత్తుకుంటారు. డాక్టర్లు, ఈసీజీలు లేని రోజుల్లో ప్రాణం పూర్తిగా పోయిందో లేదో చూసుకోవడానికి ఇది ఆఖరి పరీక్ష అయ్యుంటుందని పెద్దలంటారు. ఇప్పుడు చేతిలో డెత్ సమ్మరీ ఉన్నా పిలుస్తూనే ఉన్నారు. ఎందుకంటే ఆ పిలుపు శవం కోసం కాదు, పిలిచేవాడి కోసం. ఆశ వదులుకోవడానికి ఒక చోటు, ఒక పద్ధతి, నలుగురు సాక్షులు. ఎన్నికల్లో ఓడుతున్న పార్టీకి కూడా దింపుడు కళ్లెం ఆశ అని పత్రికలు రాసేంతగా అది మన నోట్లో నానిపోయింది.

ఆ తర్వాత రోజుల లెక్క మొదలవుతుంది. మూడో రోజు అస్థి సంచయనం. తెలంగాణలో పిట్టకు పెట్టుడు: పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, కాకి ముట్టేదాకా ఎదురుచూడటం. కాకి రాకపోతే 'ఏం మిగిలిపోయిందో' అని చర్చ, 'చిన్నదాని పెళ్లి నేను చేస్తలే' అని ఎవరో ఒకరు పైకి మాట ఇవ్వడం, అప్పుడు కాకి రావడం. నమ్మకం సంగతి పక్కనపెడితే, చనిపోయిన మనిషి మిగిల్చిన బాధ్యతల్ని బంధువుల ముందు పంచుకునే సభ అది. దస్తావేజు లేని వీలునామా అన్నా తప్పులేదు. పదో రోజు, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం... ఇలా దుఃఖానికి ఒక క్యాలెండర్. ముస్లిం కుటుంబాల్లో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం చేసేదీ ఇదే. క్రైస్తవుల జ్ఞాపకార్థ కూడికలు చేసేదీ ఇదే. మతం ఏదైనా, మొదటి వారం ఇంట్లో మనిషిని ఒంటరిగా వదలకూడదని, ఆ తర్వాత మెల్లగా వదలాలని అన్నిటికీ తెలుసు.

హిందువుల కర్మల్లో భాగమైన సపిండీకరణంలో ఒక విషయం మరీ గమనించదగ్గది. అప్పటిదాకా ప్రేతంగా ఉన్న మనిషిని ఆ రోజు పితరుల వరసలో చేర్చుతారు. కొత్తగా చేసిన పిండాన్ని పైవాళ్ల ముగ్గురి పిండాల్లో కలుపుతారు. ఇక్కడి నుంచి పిండాలు అందుకునే వరస తండ్రి, తాత, ముత్తాత. కొత్త మనిషి వచ్చి చేరగానే పైనున్న నాలుగో ఆయన ఆ వరస నుంచి జరిగిపోతాడు. పేరు పెట్టి పిలిచే లెక్కలోంచి బయటికి వెళ్లిపోతాడు. ఎవరి జ్ఞాపకమైనా మూడు తరాలకి మించి మోయలేమని ఆ తంతు రాసినవాళ్లు మొహమాటం లేకుండా ఒప్పుకున్నారు. పేరు శాశ్వతంగా ఉండాలని విగ్రహాలు వేయించుకునేవాళ్ల కంటే వాళ్లు వాస్తవం బాగా ఎరిగినవాళ్లు.

మెచ్చుకోలు ఇక్కడ ఆపాలి. చావు ముందు అందరూ సమానమే అంటారు, శ్మశానం దగ్గర ఆ మాట నిలబడదు. కులానికొక వల్లకాడు ఉన్న ఊళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పూడ్చుకోవడానికి జాగా లేక, ఉన్నదానికి దారి లేక శవంతో ధర్నా చేసిన దళితవాడల వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. చావు డప్పు కొట్టేవాళ్లు, కాటికాపరులు ఏ కులాలవాళ్లో చెప్పక్కర్లేదు. కొడుకులు లేని ఇంట్లో కూతురు తలకొరివి పెడితే అది ఇంకా వార్తే.

పట్నంలో తంతులు కూడా జాగాని బట్టి, వీసాని బట్టి మారుతున్నాయి. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా శవం ఫ్రీజర్ బాక్సులో ఉంటుంది. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వని ఓనర్ల వల్ల హైదరాబాద్‌లో కుటుంబాలు ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి వెళ్లడం కొత్త కాదు. దింపుడు కళ్లెం వ్యాన్ పక్కన రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఇదంతా చావు తర్వాతి సంగతి. చావుకి ముందు ఏం చేయాలన్న దగ్గరే మన చేతులు ఆడవు. కారణం సగం వైద్యం, సగం మొహమాటం.

చావు ఎప్పుడు జరిగినట్టు అన్నది ఒకప్పుడు ఇంట్లోవాళ్లకి తెలిసే విషయం: ఊపిరి ఆగింది, ఒళ్లు చల్లబడింది. వెంటిలేటర్ వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. మెదడు పూర్తిగా చచ్చిపోయినా గుండె కొట్టుకుంటూనే ఉండవచ్చు. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో మొదటి గుండె మార్పిడి జరిగింది. మరుసటి ఏడాదే హార్వర్డ్ కమిటీ ఒకటి మెదడు చావుని చావుగా లెక్కించాలని ప్రతిపాదించింది. భారతదేశం 1994లో అవయవ మార్పిడి చట్టంతో దీన్ని ఒప్పుకుంది. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ అనే అవయవదాన కార్యక్రమం నడిచేది దీని ఆధారంగానే. చావు వల్ల ప్రయోజనం అనే మాటకి అక్షరాలా అర్థం దొరికే చోటు ఇదొక్కటే: ఒక బ్రెయిన్ డెడ్ మనిషి కాలేయం, మూత్రపిండాలు, గుండె వేరే ఇళ్లలో ఏళ్లు పోస్తాయి. ఆ ప్రయోజనం కూడా ప్రకృతి ఇచ్చింది కాదు. ఐసీయూ బయట కూర్చున్న ఒక భార్యో తండ్రో, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే, సరే అంటే వచ్చింది.

చట్టం ఇలా గీసిన కొత్త గీత ఎంత గట్టిదో 2004 డిసెంబరులో హైదరాబాద్ చూసింది. కండరాలు క్షీణించే జబ్బుతో మంచం పట్టిన ఒక యువ చదరంగం ఆటగాడు, తన అవయవాలు పాడవకముందే దానం చేసేలా లైఫ్ సపోర్ట్ తీసేయమని కోరాడు. తల్లి ఆ కోరికతో హైకోర్టుకి వెళ్లింది. అతని మెదడు చురుగ్గానే ఉంది కాబట్టి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. కొద్ది రోజుల్లోనే అతను చనిపోయాడు. కోర్టు చట్టాన్ని సరిగ్గానే చదివింది, ఆ తల్లి అడిగింది కూడా తప్పు కాదు. కొన్ని ప్రశ్నలు అలాగే ఉంటాయి.

ఆ తర్వాత చట్టం కొంత నడిచింది. ముంబయి ఆసుపత్రిలో దశాబ్దాలు అచేతనంగా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, కఠిన షరతులతో వైద్యం ఉపసంహరించడానికి తలుపు కొద్దిగా తెరిచింది. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కు, రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగమేనని, ముందస్తు వైద్య నిర్దేశం, అంటే లివింగ్ విల్, రాసుకోవచ్చని చెప్పింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం దాకా పెట్టిన షరతుల వల్ల ఆచరణలో అది పనికిరాలేదు. 2023 జనవరిలో కోర్టే వాటిని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దాని మీద ఇంకో ముగ్గురి బోర్డు చూసి చెప్పాలి. వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి.

ఈ కాగితం లేని చోట జరిగేది చాలామందికి అనుభవమే. ఐసీయూ బయట చిన్న గది, డాక్టర్ కూర్చోబెట్టి 'పెద్దాయన పరిస్థితి ఏమీ బాలేదు, ఏం చేద్దామంటారు?' అంటాడు. పెద్దకొడుకు ఇక ఇంటికి తీసుకెళ్దామంటాడు, వాట్సాప్ కాల్‌లో ఉన్న చిన్నకొడుకు అన్నీ చేయించమంటాడు, కూతురు ఏడుస్తుంది. పెద్దాయనకి ఏం కావాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ మాట ఆయన ఎప్పుడు ఎత్తినా 'అశుభం మాటలెందుకు నాన్నా' అని ఆపేసింది వాళ్లే. చివరికి డబ్బు అయిపోవడమే నిర్ణయం అవుతుంది. వైద్య సలహాకి విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం పెడతారు, అంబులెన్స్‌లో ఒకతను చేత్తో బ్యాగు నొక్కుతూ ఊపిరి అందిస్తాడు, ఇంటి వసారాలో దించాక గొట్టం తీస్తారు. గౌరవంగా మరణించే హక్కు అనే పెద్ద మాట, సామాన్యుడి దగ్గరికి వచ్చేసరికి ఒక డిశ్చార్జి సంతకంగా మారిపోయింది.

నొప్పి లేకుండా పోవడం కూడా అందరికీ అందే వసతి కాదు. 1985 మాదకద్రవ్యాల చట్టం, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్‌ని ఎంత బిగించిందంటే, క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్నవాళ్లకి కూడా అది దొరకడం గగనమైంది. 2014లో చట్టం సవరించారు. కేరళ ఊరూరా వాలంటీర్లతో ఉపశమన సేవలు నడుపుతోంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. జిల్లాల్లో చాలామందికి ఇప్పటికీ నొప్పి అంటే ఓర్చుకోవాల్సిందే.

మాట్లాడకపోవడం ఖరీదు ఆసుపత్రితో తీరదు. బ్యాంకుల్లో ఎవరూ అడగక రిజర్వ్ బ్యాంకు నిధికి చేరిన డిపాజిట్లు 2024 మార్చి నాటికి 78 వేల కోట్ల రూపాయల పైమాటే. అన్నీ పోయినవాళ్లవే కాకపోవచ్చు, మరిచిపోయిన ఖాతాలూ ఉంటాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టాల్సి వచ్చింది. నామినీ గడి ఖాళీగా వదిలేసిన ఫారాల వెనక ఉన్నది కూడా ఆ 'అశుభం' అన్న మాటే.

చావు వస్తుందని ముందే తెలియడం వల్ల మనిషికి దక్కిన అసలు లాభం ఈ ఏర్పాట్లు చేసుకోగలగడమే. ఏ వైద్యం వరకు సరే, ఎక్కడ ఆపాలి, ఆఖరి రోజులు ఇంట్లోనా ఆసుపత్రిలోనా, కళ్లు ఇవ్వాలా, కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి అన్నవి పది నిమిషాల మాటలు. 2023 తీర్పు తర్వాత లివింగ్ విల్ రాయడానికి కోర్టు చుట్టూ తిరిగే పని లేదు. అయితే అందులో, తనకి తెలివి లేనప్పుడు తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేరు రాయాలి. ఆ పేరు రాయాలంటే ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి అడగాలి. ఎక్కువ ఇళ్లలో పని అక్కడే ఆగిపోతోంది.